శుభ్రమని రాసిన చీటీ

"'ఇది కారా, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన కెటిలా?' విన్నావా? కెటిలట!"

ఆయన ఫోను ముక్కుకి ఆనించుకుని వీధంతా వినేలా చదువుతున్నాడు. ఆమె లేచి కిటికీ తలుపులు మూసింది. శుక్రవారం నుంచీ ఆమె మూస్తూనే ఉంది, ఉక్కగా ఉందని ఆయన తెరుస్తూనే ఉన్నాడు.

"కాస్త మెల్లగా చదవండి. పక్కింటివాళ్ళు ఇంట్లోనే ఉన్నారు."

"ఉండనీ. వాళ్ళనీ రాయమను. ఊరూ పేరూ లేనివాళ్ళంతా అభిప్రాయాలు రాస్తుంటే వాళ్ళేం పాపం చేశారు?"

ఆయన పనిచేసే కార్ఖానా కొత్త కారు బజారులోకి వచ్చి పదిరోజులైంది. చూడ్డానికి చిన్నది, లోపల కూర్చుంటే దర్జా, తొక్కితే పరుగు. కంపెనీ అలాగే చెప్పుకుంది, జనం కాదనలేదు. ఫోనులో కార్ల పిచ్చివాళ్ళ గుంపు ఒకటుంది. అక్కడ ఎవరికీ సొంత పేరుండదు. ఒకడు 'మూడో గేరు', ఒకడు 'బురద టైరు', ఇంకొకాయన 'పాత పిస్టన్'. ఈ పదిరోజుల్లో ఆ కారు గురించి రెండు వందల నలభై మంది రాశారు. ఆయన అన్నీ చదివాడు, నొప్పించినవి రెండేసి సార్లు చదివాడు.

"మంచివి కూడా ఉన్నాయి కదండీ. అవి చదవండి."

"ఎందుకు లేవు! 'సీటు చూస్తే కూర్చోవడానికి మనసొప్పదు, కూర్చుంటే లేవడానికి మనసొప్పదు.' ఇది మూడో గేరు. 'వెనక సీటు మనుషులకి కాదు, గొడుగులు పెట్టుకోవడానికి.' ఇదీ వాడే. 'మలుపులో చెప్పినమాట వింటుంది, మా ఇంట్లో ఆపాటి వినేది ఇదొక్కటే.' అబ్బో, మహా చమత్కారం." ఆయన వేలితో తెర పైకి తోశాడు. "ఆ తర్వాత అందరిదీ ఒకటే పాట. ఇంజిన్ తిరుగుడు నాలుగు వేలు దాటితే ఈల. సన్నగా ఈల. పళ్ళు జివ్వుమనే ఈల. ఒకడి కుక్క రెండోసారి కారెక్కనందట. కుక్కా అభిప్రాయం చెప్పేసింది!"

"మరి అంతమంది..."

"గొర్రెదాటు! ముందుది దూకితే వెనకవి దూకుతాయి. ఇరవై ఎనిమిదేళ్ళు కార్లకి గొంతులు దిద్దినవాణ్ణి నేను. నా కారులో ఈల ఉంటే నాకు తెలియదా?"

సరిగ్గా అప్పుడే వంటింట్లో కెటిల్ కూత మొదలెట్టింది.

ఆమె లేవబోయింది. "ఎక్కడికి? కూర్చో. ఇంకా ఉంది," అన్నాడాయన. ఆమె కూర్చుంది. కూత పెరిగింది, గది నిండింది, మూసిన కిటికీ అద్దాలకి తగిలి తిరిగొచ్చింది. ఆయన ఫోను చూస్తూ, "ఈలట, ఈల," అని తల ఊపుతున్నాడు.

పక్కగదిలోంచి కూతురు పరుగున వచ్చి పొయ్యి ఆపేసింది. ఆపి, గుమ్మంలో నిలబడి తల్లివైపు చూసింది. తల్లి కూతురివైపు చూసింది. ఇన్నాళ్ళుగా ఎవరి గుట్టు వాళ్ళు కడుపులో పెట్టుకున్న ఇద్దరికీ, రెండోవాళ్ళ కడుపులో ఉన్నదీ అదేనని ఆ క్షణంలో తెలిసిపోయింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంటి గోడలకి ఆ రోజు ఆయనకంటే బాగానే వినిపించి ఉంటుంది.

ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు. "ఇవాళ ఆదివారం. పది గంటలకి ఆ పిచ్చివాళ్ళంతా కొత్త బజారు వెనక కార్లు ఆపే మైదానంలో కలుస్తున్నారట. కారు కొన్న పాత పిస్టన్ దాన్ని కూడా తెస్తున్నాడట. నేనూ వెళ్తాను. ఎదురుగా నిలబడి అడుగుతాను, ఏదయ్యా ఈల అని."

కూతురు గిన్నెలవైపు తిరిగి, "అక్కడికి వెళ్తే నాన్న తట్టుకోలేడమ్మా," అంది.

"ఏమంది?" అన్నాడాయన భార్యతో.

ఈ మాట ఆ ఇంట్లో రోజుకి ఇరవైసార్లు వినబడుతుంది. కూతురు అటు తిరిగి మాట్లాడినా, తలుపవతలి నుంచి ఎవరైనా పిలిచినా, ఆయన భార్యవైపు చూస్తాడు. ఆమె ఎదురుగా వచ్చి ఆ మాట మళ్ళీ చెబుతుంది. చెప్పేటప్పుడు కొంచెం మార్చి చెబుతుంది.

"ఎండగా ఉంటుందంటోంది," అంది ఆమె.

"టోపీ పెట్టుకుంటాలే," అని ఆయన బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాడు.

* * *

వంటింట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే మిగిలారు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అంది కూతురు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అంది తల్లి.

కూతురు కెటిల్లో నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపి, పొయ్యి వెలిగించకుండా వదిలేసింది.

కూతురికి ఇరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళుగా తండ్రి దగ్గరే, అదే కార్ఖానాలో, అదే పని. ఇంజిన్ ఊపిరి సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చేటప్పుడు ఏ రాగంలో రావాలో దిద్దే పని. లోపలి రేకుని వెంట్రుకవాసి వంచితే గొంతు మారిపోతుంది. అక్కడ ఆయన్ని అందరూ శ్రుతి మాస్టారు అంటారు. ఇంకో పదకొండు నెలల్లో పదవీ విరమణ. ఈ చిన్నకారే ఆయన ఆఖరి కారు.

"ఆఖరి వినికిడి రోజున ఏం జరిగిందో చెప్పనా?" అంది కూతురు.

కార్ఖానాలో అదొక పద్ధతి. కారు బయటికి పంపేముందు అయిదుగురు తలుపులేసుకుని, కళ్ళు మూసుకుని వింటారు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. విన్నాక ఎవరి చీటీ మీద వాళ్ళు ఒకేఒక్క మాట రాయాలి. అయిదు చీటీలూ ఒక్కటైతేనే కారు కదులుతుంది.

"నేను 'ఈల' అని రాశానమ్మా. రాసి తలెత్తాను. నాన్న చీటీ నా పక్కనే ఉంది. 'శుభ్రం' అని గుండ్రంగా రాసి, కింద గీత కూడా గీశాడు. ఆ మొహం నువ్వు చూడాల్సింది. పిల్లకి పెళ్ళి చేసి పంపేవాడిలా ఉన్నాడు."

"మరి నువ్వేం చేశావు?"

"నా చీటీ నోట్లో పెట్టుకుని నమిలేశాను. ఇంకో కాగితం తీసి 'శుభ్రం' అని రాశాను."



"మిగతా ముగ్గురికీ వినపడలేదా?" అంది తల్లి.

"వాళ్ళూ ఆయన వయసువాళ్ళే. ఏదో లీలగా వినపడే ఉంటుంది. శ్రుతి మాస్టారు శుభ్రమన్నాక కాదనేదెవరు? చప్పుడు కొలిచే మీటరు ముల్లు కూడా ఎగిరింది. అది గాలి అన్నాడు నాన్న. అందరూ గాలే అన్నారు."

"ఒక్కమాట నాతో చెప్పి ఉంటే..."

"నువ్వు నాతో చెప్పావా?" కూతురు గొంతు పెరిగింది. పెరిగినా ఫరవాలేదని ఇద్దరికీ తెలుసు. "నీకు ముందే తెలుసు కదా! ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'చిన్నీ, మీ నాన్నకి పై స్వరాలు వినపడవు' అని చెప్పి ఉంటే నేను ముందురోజే పై స్వరాలు విని ఆ రేకు సరిచేసేదాన్ని. ఆయనకి తెలియకుండా చేసేదాన్ని! ఈ చీటీల గొడవే ఉండేది కాదు."

తల్లి చేతిసంచీ మేకుకి వేలాడుతోంది. ఆమె కళ్ళు దానిమీదికి పోయాయి. అందులో, లోపలి అరలో, ఎనిమిది మడతల కాగితం ఒకటుంది. రెండేళ్ళ కిందట చెవుల డాక్టరు ఇచ్చింది. దానిమీద ఒక గీత కొంతదూరం తిన్నగా నడిచి, తర్వాత మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. ఆ రోజు ఆసుపత్రి మెట్లమీదే ఆయన దాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "దాచు. చిన్నికి తెలియకూడదు. కార్ఖానాలో తెలిస్తే నా బతుకు ఆ రోజుతో సరి," అన్నాడు. ఆమె దాచింది.

పెళ్ళికి ముందు ఆమె పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. ఒకరి మాట ఇంకొకరికి అందించడం, మధ్యలో తన మాట కలపకపోవడం, అదీ ఉద్యోగం. ఎన్ని చావు కబుర్లు ఉన్నదున్నట్టు అందించిందో. సొంత ఇంట్లోనే ఆ పని చేతకాకుండా పోయింది.

"చెబుదామనే అనుకున్నాను," అంది.

"రేపు కార్ఖానాలో ఈ ఈల మీద విచారణ," అంది కూతురు, తల్లి మాట విననట్టే. "కారుని బయటికి పంపిన కాగితం మీద ఆఖరి సంతకం నాది. నిలబెట్టి అడిగితే ఏం చెప్పను?"

"నాన్నే చెబుతారు. నువ్వు నోరు తెరవక్కర్లేదు. ఆయన అలాంటి మనిషి కాదు."

కూతురు ఏదో అనబోయి, ఆగిపోయింది. ఆగిపోవడం తల్లి చూసింది గానీ అడగలేదు. ఆ అడగకపోవడం గురించి ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

* * *

ముగ్గురూ వెళ్ళేసరికి మైదానంలో ముప్పైమంది దాకా ఉన్నారు. కొందరు కార్లలో వచ్చారు, కొందరు కార్లని చూడ్డానికే వచ్చారు. పేర్లు చెప్పుకుంటున్నారు. "నేనే మూడో గేరు," అంటూ ఒక లావుపాటి ఆవిడ చెయ్యూపింది. వాడు, వీడు అంటూ రెండురోజులుగా తిట్టిపోసిన మనిషి ఈవిడేనని తెలిసి శ్రుతి మాస్టారు టోపీ సర్దుకున్నాడు.

పాత పిస్టన్ అంటే విశ్రాంత పళ్ళ డాక్టరు. డెబ్బై దాటాయి. బూడిదరంగు చిన్నకారు పక్కన కొత్త పెళ్ళికొడుకులా నిలబడి అందరికీ తలుపు తీసి చూపిస్తున్నాడు.

"లోపల కూర్చోండి, మొహమాటపడకండి. ఆ తోలు ముట్టుకుని చూడండి. చిన్న కార్లలో ఈ పనితనం ఎవరిస్తారండీ!"

శ్రుతి మాస్టారు తనెవరో చెప్పలేదు. "గొంతు ఎలా ఉంది?" అన్నాడు, డాక్టరు పెదవులవైపే చూస్తూ.

"గొంతా! దీనికి గొంతు పెట్టినవాడు ఎవడోగానీ, కనపడితే చేతులు పట్టుకుని మొక్కుతాను. కింది స్థాయిలో వస్తుంటే గుండెమీద చెయ్యేసి జోకొట్టినట్టుంటుంది. నేను ఊరికే ఇంటిచుట్టూ తిప్పుతుంటాను, ఆ చప్పుడు కోసం."

శ్రుతి మాస్టారి మొహం వెలిగింది. ఎన్నాళ్ళకో చూసింది భార్య ఆ వెలుగు. ఇక్కడితో ఆపేసి వెళ్ళిపోతే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

"కానీ పైకి వెళ్ళామా," డాక్టరు దవడ పట్టుకున్నాడు, "నా పాత మిషనే! నలభై ఏళ్ళు జనం నోళ్ళలో తిప్పిన మర చప్పుడు. మానేసి హాయిగా ఉన్నాననుకుంటే డబ్బిచ్చి మళ్ళీ కొనుక్కున్నాను."

అందరూ నవ్వారు. "ఆ రేకు దిద్దినవాడికి చెవుడేమో డాక్టరు గారూ," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వారు. నవ్వుతున్నారు కాబట్టి ఆయనా నవ్వాడు.

"ఏమన్నారు?" అని భార్యని అడిగాడు.

"కారు బాగుందంటున్నారు," అందామె.

"ఒకసారి తొక్కండి," అన్నాడు డాక్టరుతో. "నేను వెనక నిలబడతాను."

సైలెన్సర్ గొట్టాలకి రెండు అడుగుల దూరంలో నిలబడి, టోపీ తీసి, కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆఖరి వినికిడికి అలాగే నిలబడుతున్నాడు. ఇంజిన్ పలికింది. ఆ పలుకు నేలలోంచి ఆమె అరికాళ్ళకి అందింది. నిజంగానే గొప్ప గొంతు. మూసిన కళ్ళతో ఆయన చిన్నగా నవ్వుతున్నాడు. కళ్ళు తెరవకూడదని ఆమె లోపల్లోపల దండాలు పెట్టుకుంది.

డాక్టరు ఇంకా తొక్కాడు.

ఈల వచ్చింది. సూదిలా చెవిలో దిగింది. ఆమె చెంగు చెవికి అడ్డం పెట్టుకుంది.

ఆయన ఎదురుచూస్తున్నాడు. ఎంతసేపు చూసినా రానిదానికోసం ఎదురుచూసి, "ఊఁ, రానీ మరి," అంటూ కళ్ళు తెరిచాడు.

ముప్పైమంది చెవులు మూసుకుని ఉన్నారు.

ఆయన ఒక్కొక్కరినే చూశాడు. మూడో గేరు మొహం చిట్లించింది. ఎవరిదో కుక్క తోక ముడుచుకుని కారు కిందికి దూరింది. ఆ చూపు చివరికి కూతురి దగ్గర ఆగింది. కూతురు చెవులు మూసుకోలేదు. మూసుకోకూడదని పిడికిళ్ళు బిగించి నిలబడింది. కానీ భుజం తనంతట తనే లేచి చెవిని కప్పింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, పళ్ళు బిగుసుకున్నాయి.

డాక్టరు కాలు తీశాడు. చేతులన్నీ దిగాయి.

"వచ్చిందా?" అన్నాడు శ్రుతి మాస్టారు.

"ఇంకా రావాలా అండీ!" అన్నాడు డాక్టరు. జనం పగలబడి నవ్వారు.

ఈసారి ఆయన నవ్వలేదు. టోపీ చేతిలోనే పట్టుకుని, ఎండలో నడుచుకుంటూ తమ పాతకారు దగ్గరికి వెళ్ళిపోయాడు. మైదానంలో కార్లు ఏవేవి ఉన్నాయో కూడా చూడలేదు.

* * *

కూతురు నడుపుతోంది. ఆయన పక్కన కూర్చున్నాడు. ఆమె వెనక సీట్లో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడు వీధులు దాటారు.

"ఆ రోజు చీటీ మార్చావు కదా, ముందు ఏం రాశావు చిన్నీ?" అన్నాడాయన. ఆ గొంతు అంత మెల్లగా ఆమె ఈమధ్య ఎప్పుడూ వినలేదు.

కూతురు రోడ్డుమీంచి చూపు తిప్పలేదు. "ఈల అని," అంది. తర్వాత అంతకంటే మెల్లగా అంది. "నిన్ననే డైరెక్టరు గారికి ఉత్తరం ఇచ్చేశాను నాన్నా. నీకేం సంబంధం లేదని రాశాను. ఆ పై స్వరాలు వినే బాధ్యత నాదేనని, నా చెవికి వినపడలేదని రాశాను. ఉద్యోగం మానేస్తున్నానని కూడా రాశాను."

ఆయనకి వినపడదని తెలిసే చెప్పింది. వినపడాలనుకుంటే కారాపి, ఇటు తిరిగి చెప్పేది.

వెనక సీట్లో ఉన్నామెకి అక్షరం అక్షరం వినబడింది. వినికిడి లేదని పేరుపడితే ఈ పనిలోకి మళ్ళీ ఏ కార్ఖానా రానివ్వదు. ఆ సంగతి ఆమెకి ఆయనే చెప్పాడు, ఆసుపత్రి మెట్లమీద. తండ్రి చెవుడు ఇరవై ఆరేళ్ళ పిల్ల తన నెత్తిన రాసుకుంది. బంగారంలాంటి చెవులున్న పిల్ల.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏమంది?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. తలనొప్పిగా ఉందంటోందనొచ్చు. రెండేళ్ళుగా చెప్పినట్టే ఇదీ చెప్పేస్తే ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు.

"కారు పక్కకి ఆపు," అంది కూతురితో.

"అమ్మా, వద్దు."

"ఆపమన్నానా!"

కారు ఒక మూసిన కొట్టు ముందు ఆగింది. ఆమె రెండు సీట్ల మధ్యకి వంగి, ఆయన మొహానికి ఎదురుగా మొహం పెట్టి, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా మొత్తం చెప్పింది. ఈల. ఉత్తరం. నా చెవికి వినపడలేదు. ఉద్యోగం మానేస్తున్నాను.

ఆయన ఆమె పెదవులవంకే చూశాడు. చెప్పడం అయిపోయాక కూడా చూశాడు. కూతురు స్టీరింగ్ మీద తలవాల్చింది. ఆయన చెయ్యి లేచి ఆ పిల్ల వీపు మీద వాలింది, రెండుసార్లు నిమిరింది. ఇప్పుడు అంటాడు, ఇంత పని ఎందుకు చేశావురా తల్లీ అంటాడు, రేపు నేనే వెళ్ళి నిజం చెబుతానంటాడు అనుకుంది ఆమె. ఆ మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఎత్తలేని బరువేదో దింపుకున్న ఊపిరి.

"అయితే రేపు నేను మాట్లాడక్కర్లేదన్నమాట," అన్నాడు.

కూతురు తలెత్తలేదు. వీపుమీద ఆ చెయ్యి ఇంకా నిమురుతూనే ఉంది.

ఆమె ఏడవలేదు. ఏడుపు ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు. చేతిసంచీ తెరిచి, లోపలి అరలోంచి ఎనిమిది మడతల కాగితం తీసింది. ఒక్కొక్క మడతే విప్పింది. రెండేళ్ళలో మడతల దగ్గర కాగితం నలిగిపోయింది గానీ గీత అలాగే ఉంది, మెట్లు దిగుతూ. పైన ఆయన పేరుంది, తేదీ ఉంది, చెవుల డాక్టరు సంతకం ఉంది. ముందుకి వంగి, దాన్ని కూతురి ఒళ్ళో పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

"రేపు నీతో తీసుకెళ్ళు," అంది ఆమె.

అప్పుడు చూశాడాయన. వీపు మీది చెయ్యి వచ్చి కాగితం అంచు పట్టుకుంది. అదే క్షణంలో కూతురు రెండో అంచు పట్టుకుంది. తండ్రి కూతురి వంక చూశాడు, కూతురు గీత వంక చూసింది.

నడిమి మడత దగ్గర కాగితం చిరగడం మొదలైంది. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.